ఆకాశం కనపడే చదువు

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. రెండో ఏడాదికి ఏ బ్రాంచి తీసుకోవాలా అని స్నేహితులతో కాలేజీ మెట్ల మీద కూర్చుని వాదులాడుకుంటున్న రోజుల్లోనే ఆమె తల్లికి రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసింది. బ్రాంచి మాట అక్కడితో ఆగిపోయింది. తండ్రి బస్సు డ్రైవరు. తెల్లారకముందే డిపోకి పోతే పొద్దు గూకాకే ఇల్లు చేరే ఉద్యోగం. ఆమెకు తోడబుట్టినవాళ్లు లేరు. వారానికి మూడుసార్లు తల్లిని డయాలిసిస్‌కి తీసుకెళ్లి, మిషన్ పక్కన పూటంతా కూర్చుని, మళ్లీ ఇంటికి తెచ్చి పడుకోబెట్టే మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఒక్క ఏడాదే కదా అనుకుంది. ఆ ఏడాది సాగి సాగి తొమ్మిదేళ్లయింది.

డయాలిసిస్ కేంద్రం ఆస్పత్రి భవనం కింద, నేలమాళిగలో ఉండేది. కిటికీలు లేవు. పొద్దున వెళ్లినా సాయంత్రం వెళ్లినా అవే తెల్లటి ట్యూబులైట్లు, అదే మందుల వాసన, అవే మిషన్ల చప్పుళ్లు. ఊరికే కూర్చోవడం చేతకాని పిల్ల కావడంతో మొదట్లో దుప్పట్లు సర్దేది, తర్వాత పేషెంట్ల బరువులు చూసి చెప్పేది, ఆ తర్వాత ఏ మిషన్ ఎందుకు మొత్తుకుంటోందో నర్సు కంటే ముందే పసిగట్టేది. ఏడాది తిరిగేసరికి కేంద్రం వాళ్లే ఆమెను పనిలో పెట్టుకున్నారు. పేషెంట్లందరూ మిషనమ్మాయి అని పిలిచేవారు. అసలు పేరు ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

తల్లి మాత్రం అమ్మడూ అనేది. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని ఇరుగుపొరుగు పిల్లలకు స్కూలు యూనిఫారాలు కుట్టిన మనిషి. మాటలో మహా చురుకు. తనకు పెట్టే డయాలిసిస్ మిషన్‌కి అత్తగారని పేరు పెట్టింది. అది కుయ్యిమంటే చాలు, "మొదలెట్టింది మా అత్తగారు. పుట్టింటికి పంపమంటే మాత్రం పంపదు" అనేది. పక్క మంచాల మీద నీరసంగా పడి ఉన్నవాళ్లు కూడా నవ్వేవారు.

తల్లి ఎడమచేతికి చిన్న ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. సూదులు దిగేది అక్కడే. రక్తం అక్కడ వడిగా పారుతుంది కనక వేలు ఆనిస్తే చర్మం కింద జుయ్యిమని అదురుతుంది. ఆ అదురు ఉన్నంతకాలం దారి తెరిచి ఉన్నట్టు. ఆగిపోయిందంటే గడ్డ కట్టినట్టే, ఆ పూటే ఆస్పత్రికి పరుగెత్తాలి. అందుకని రోజూ నిద్ర లేవగానే మిషనమ్మాయి తల్లి చేతిమీద వేళ్లు పెట్టి చూసేది. ఒక్కోరోజు అనుమానమొస్తే చెవి కూడా ఆనించేది.

"ఉందా తుమ్మెద? ఎగిరిపోయిందా?" అనేది తల్లి, కళ్లు తెరవకుండానే.

"ఉంది. పడుకో."

అలా తొమ్మిదేళ్లు. తోటి స్నేహితులు చదువులు ముగించారు, ఉద్యోగాల్లో కుదిరారు, కొందరికి పిల్లలు కూడా పుట్టారు. రోడ్డు మీద ఎవరైనా ఎదురుపడితే మొదట్లో ఆగి మాట్లాడేది. పోనుపోను పక్క సందులోంచి పోవడం అలవాటు చేసుకుంది.

తండ్రి రిటైరైన వారానికే తల్లి మాట తీసింది. "మీ నాన్న ఇంట్లోనే ఉంటారిక. నన్ను ఆయన తీసుకెళ్తారు. నువ్వు కాలేజీకి పో."

"ఇప్పుడా? నాతో చదివినవాళ్లు అక్కడ పాఠాలు చెబుతున్నారమ్మా!"

"మంచిదేగా, తెలిసినవాళ్లు. తిట్టకుండా చెబుతారు."

ఎగతాళికే అన్నా తల్లి పట్టు వదల్లేదు. తండ్రిని వెంటేసుకుని కాలేజీ ఆఫీసుకి తానే వెళ్లింది. ఆయాసపడుతూ మెట్లెక్కి, పాత మార్కులు చెల్లుతాయో లేదో కనుక్కుని వచ్చింది. చెల్లుతాయట. సీటు కూడా ఇస్తారట. రెండో సంవత్సరంలో చేరొచ్చు. కాకపోతే బ్రాంచి ఏదో వెంటనే చెప్పాలట.

తొమ్మిదేళ్ల కిందట ఆగిపోయిన ప్రశ్న అక్కడే కూర్చుని ఉంది, తను ఎప్పుడొస్తుందా అన్నట్టు.

తండ్రి తనకు తోచింది చెప్పాడు. "నా బస్సెక్కే పిల్లలంతా కంప్యూటర్లనే అనేవాళ్లమ్మా. అంతమంది అటే పోతున్నారంటే అందులో ఏదో ఉండే ఉంటుంది." కేంద్రంలో డాక్టరు మరోలా చెప్పాడు. "బయోమెడికల్ తీసుకో. ఈ మిషన్లు తయారుచేసేది, బాగుచేసేది అదే చదువు. నీకు సగం కోర్సు ఇక్కడే అయిపోయింది." ఆ మాట ఆమె మనసులో దిగింది. నిజమే కదా! పోగొట్టుకున్నాననుకున్న ఏళ్లు పోలేదన్నమాట. వాటినే పునాది చేసుకుని పైకి కట్టుకోవచ్చు. ఆ రాత్రి చాలాకాలం తర్వాత హాయిగా భోజనం చేసి, గిన్నెలు కడుగుతూ తల్లితో చెప్పింది.

తల్లి కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. ఎడమచెయ్యి బరువెత్తకూడదు కనక కుట్టడం ఎప్పుడో మానేసింది. అయినా కూర్చునే చోటు అదే.

"ఆ మిషన్ల చదువా?" అంది.

"అవునమ్మా."

"వద్దు."

"వద్దేంటి? నాకు తెలిసిన పని అదొక్కటే."

"నీ వయసు పిల్లకి తెలిసి ఉండాల్సిన పనేనా అది? తొమ్మిదేళ్లు నాతోపాటు ఆ గోతిలో కూర్చున్నావు. నేనంటే రోగిష్టిదాన్ని, తప్పదు. నీకేం రోగం? నేను పోయాక కూడా ఆ గోతిలోనే ఉంటానంటావేం?"

"పోయే మాటలెందుకిప్పుడు? సరే, ఏం తీసుకోమంటావో నువ్వే చెప్పు."

"నాకేం తెలుసే బ్రాంచీల సంగతి? పగటిపూట ఆకాశం కనపడే చదువేదైనా ఉంటే అది తీసుకో. ఎండన పడు. నల్లబడు. ఫర్వాలేదు."

"ఆకాశం కనపడాలంటే సివిలే. రోడ్డున పడి రోడ్లెయ్యాలి" అంది మిషనమ్మాయి విసుగ్గా.

"అయితే అదే."

"నాకు ఇష్టం లేదమ్మా."

"మరి ఏదిష్టం? కాలేజీలో ఉన్నప్పుడు ఏదో ఒకటి అనుకునే ఉంటావుగా. ఏంటది?"

చెబుదామని నోరు తెరిచింది. మెట్లు గుర్తున్నాయి, చేతులూపుతూ వాదించుకున్న స్నేహితులు గుర్తున్నారు. తను ఏ బ్రాంచి పేరు చెప్పిందో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, వెళ్లి పడుకుంది.

మర్నాడు డయాలిసిస్ రోజు. తండ్రి ఆటో పిలుచుకొచ్చాడు. తల్లి మంచం దిగలేదు.

"నేను రాను."

"అదేంటే?" అన్నాడు తండ్రి.

"ఇది ఆ మిషన్ల చదువు చదివితే నేను ఆ మిషన్ ఎక్కను. అంతే."

బెదిరింపనుకున్నారు. ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టి, ఇక లాభం లేదని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి తల్లి కాళ్లు ఉబ్బాయి. సాయంత్రానికి ఆయాసం మొదలైంది. గోడకి ఆనుకుని కూర్చుని, ఒక్కో ఊపిరీ తోడుకుంటోంది గానీ మాట మార్చలేదు. ఒంట్లో నీరు ఎలా పేరుకుంటుందో, ఎంతవరకు ఆగవచ్చో కూతురికి తెలుసు. తెలియడమే ఆమె ఖర్మయింది. తెలియని మనిషైతే ఇంకో పూట పంతం పట్టేదేమో.

"లే అమ్మా. సివిలే తీసుకుంటా."

"ఒట్టు?"

"ఒట్టు."

తల్లి గోడ పట్టుకుని లేచింది. "పదండి మరి. అత్తగారు ఎదురుచూస్తుంటుంది."

ఆ మాటకి తండ్రి నవ్వాడు. కూతురికి నవ్వు రాలేదు. మర్నాడు కాలేజీకి వెళ్లి, ఎవరి మీదో కసి తీర్చుకుంటున్నట్టు కలం నొక్కి సంతకం పెట్టి వచ్చింది.

క్లాసులో మొదటిరోజు ఒక పిల్లవాడు ఆమెను లెక్చరరనుకుని లేచి నిలబడ్డాడు. రెండోరోజు నుంచి అందరికీ అక్క అయింది. సర్వేయింగ్ చెప్పడానికి వచ్చినవాణ్ణి చూసి ఆమె తల దించుకుంది. మెట్ల మీద కూర్చుని వాదించుకున్న జట్టులో వాడూ ఒకడు. తాటిచెట్టంత పొడుగు కావడంతో పొడుగు అనే పిలిచేవాళ్లు. ఇప్పుడు అదే మనిషిని సార్ అనాలి. వాడూ ఇబ్బంది పడ్డాడు. క్లాసయ్యాక వరండాలో ఆపి, "నువ్వు అనాలో, మీరు అనాలో తెలియట్లేదు నాకు" అన్నాడు.

"క్లాసులో ఏమీ అనకు. బయట నువ్వు అను" అంది. తర్వాత ఉండబట్టలేక అడిగేసింది. "అప్పట్లో నేను ఏ బ్రాంచి తీసుకుంటాననేదాన్నో నీకేమైనా గుర్తుందా?"

పొడుగు ఆలోచించాడు. "అందరి బ్రాంచీలకీ వంకలు పెట్టేదానివి. నీదేంటో ఎప్పుడూ చెప్పలేదు. మేం అడిగితే, రేపు చెప్తా అనేదానివి."

తను కాలేజీకి పోయిన వేళల్లో తల్లి చేతి మీద వేళ్లు పెట్టి చూడడం తండ్రికి నేర్పింది. "ఇక్కడ, నాన్నా. గట్టిగా నొక్కకూడదు. తెలుస్తోందా?" ఆయన కళ్లు మూసుకుని, తల పక్కకు వాల్చి, చాలాసేపు చూసి, "ఆఁ, తెలుస్తోంది" అన్నాడు. "రోజూ చూడాలి. మర్చిపోకూడదు." "బస్సు తీసేముందు బ్రేకులు చూసుకోకుండా ఎప్పుడైనా కదిలానా అమ్మా?" అన్నాడాయన.

సివిల్ ఆమెకు అంటలేదు. కాంక్రీటు పాళ్లు, మట్టి రకాలు, దూలాల మీద బరువులు. చదివితే మార్కులొచ్చేవి గానీ ఏదీ లోపలికి దిగేది కాదు. నేల ఎత్తుపల్లాలు చూసే లెవెల్ మిషన్ని మూడుకాళ్ల స్టాండు మీద బిగించి గ్రౌండులో కొలతలు తీసే రోజున ఎండకు కళ్లు మండి, తలనొప్పి పట్టుకునేది. ఇంటికి రాగానే తల్లి అడిగేది, "ఎలా ఉందే చదువు?" అని. "బాగుందమ్మా. భలే ఉంది" అనేది. కమిలిన మొహాన్నీ, నల్లబడిన చేతుల్నీ చూసుకుని తల్లి మురిసిపోయేది. పక్కింటావిడను పిలిచి మరీ చూపించేది. "చూశావా మా అమ్మాయి ఎలా మాడిపోయిందో!" అని గొప్పగా.

ఆ ఏడాది చివర్లో సర్వే క్యాంపు వచ్చింది. ఊరికి దూరంగా, రాళ్లు కొట్టి వదిలేసిన కొండ దగ్గర వారంపాటు ఉండాలి. తను పోనంది. తల్లి ఊరుకోలేదు. తండ్రి చేత సంచీ సర్దించి పంపించింది.

క్యాంపులో రోజూ పొద్దున్నే ఫోను చేసేది. సిగ్నల్ కోసం కొండ సగం ఎక్కాల్సి వచ్చేది.

"తుమ్మెద ఉందా నాన్నా?"

"ఉందమ్మా."

"సరిగ్గా చూశావా?"

"చూశానమ్మా. ఉంది. నువ్వు పని చూసుకో."

ఆ కొండ మీద ఒక సాయంత్రం, కొలతలన్నీ పూర్తయ్యాక, పిల్లలంతా అరుచుకుంటూ కిందికి పరిగెడుతుంటే ఆమె కాసేపు ఒక బండ మీద కూర్చుంది. ఎదురుగా ఎంత దూరం చూసినా అడ్డు లేదు. మొదటిసారి ఆమెకు సివిల్ మీద కోపం రాలేదు. అమ్మతో ఈసారి అబద్ధం చెప్పక్కర్లేదనుకుంది.

క్యాంపు నుంచి తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ ఆస్పత్రి అని మాత్రం చెప్పి మొహం తిప్పుకుంది.

తల్లి మెడలో గొట్టం వేసి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. ఎడమచెయ్యి దుప్పటి మీద ఊరికే పడి ఉంది. మిషనమ్మాయి ఎవరినీ ఏమీ అడగలేదు. ముందు ఆ చేతిమీద వేళ్లు పెట్టింది. అదురు లేదు. చెవి ఆనించింది. లేదు.

సీనియర్ నర్సు పక్కకు తీసుకెళ్లి చెప్పింది. డయాలిసిస్‌కి వచ్చినప్పుడు చూస్తే చేతిలో గడ్డ కట్టి ఉందట. ముందురోజే వచ్చి ఉంటే తీసేవాళ్లమన్నాడట డాక్టరు. అప్పటికి ఆలస్యమైపోవడంతో మెడలో గొట్టం వేసి డయాలిసిస్ చేశారు. ఆ గొట్టం దగ్గరే చీము పట్టి విషం రక్తంలోకి పాకింది.

"నాకెందుకు ఫోను చెయ్యలేదక్కా?"

"మీ అమ్మ చెయ్యనిస్తేగా! మా అందరి దగ్గరా ఒట్టు వేయించుకుంది. నువ్వొచ్చేదాకా చెప్పకూడదని."

తల్లి మధ్యలో ఒకసారి కళ్లు తెరిచింది. కూతురి మొహం వంక చూసి, "బాగా తిరిగావా ఎండలో?" అంది. "తిరిగానమ్మా" అంటే, "కనిపిస్తోంది" అని మళ్లీ కళ్లు మూసుకుంది. అవే ఆఖరి మాటలు. ఆ తర్వాత ఏదో గొణిగింది గానీ ఎవరికీ అర్థం కాలేదు. రెండోరోజు తెల్లవారుతుండగా పోయింది.

అన్నీ అయ్యాక, వచ్చినవాళ్లంతా వెళ్లాక, తండ్రీ కూతుళ్లు ఇద్దరే మిగిలారు. తండ్రి వంటింటి గుమ్మం దగ్గర కూలబడి, అడక్కుండానే చెప్పాడు.

"నాకెప్పుడూ తెలియలేదమ్మా."

"ఏది?"

"ఆ అదురు. మొదటిరోజు నువ్వు నేర్పినప్పుడు కూడా తెలియలేదు. స్టీరింగు పట్టీ పట్టీ వేళ్లు మొద్దుబారిపోయాయి. ఆ మాట చెబితే నువ్వు కాలేజీ మానేస్తావని మీ అమ్మే చెప్పొద్దంది. రోజూ తనే చూసుకునేది. ఉంది అనేది. నేను నీకు ఉంది అనేవాణ్ణి."

ఆయన బొటనవేలితో వేళ్ల కొసలు రాసుకున్నాడు.

"గడ్డ కట్టిన రోజు మాత్రం ఉంది అనలేదు. ఉందని చెప్పండి అంది. తేడా నాకు తెలిసింది. తెలిసీ..."

ఆమె లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అరవలేదు, నిందించలేదు. అరిచి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేదేమో. ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు కరువయ్యాయి. భోజనం పెట్టాను, తాళం అక్కడుంది, పాలు వచ్చాయి. అంతకుమించి లేదు. ఇద్దరూ చెరో గదిలో ఉంటే మధ్యలో కుట్టుమిషన్ బట్ట కప్పుకుని ఉండేది.

ఒకరోజు తండ్రి పొయ్యి మీది గిన్నె దించుతున్నాడు. మసిగుడ్డ జారిపోయింది. ఆయన గమనించుకోకుండా, కాలే గిన్నెను ఉత్త చేతులతోనే తీసుకొచ్చి నింపాదిగా కిందపెట్టాడు. చర్మం కాలిన వాసనకు ఆమె పరుగెత్తుకొచ్చింది. వేళ్లు బొబ్బలెక్కుతున్నాయి. "ఏంటమ్మా?" అని అడుగుతున్నాడాయన. అప్పుడు ఏడ్చింది, తల్లి పోయాక మొదటిసారి. ఆయన చేతిని కుళాయి కింద పట్టుకుని, మందు రాసి కట్టుకట్టింది. "వేడి వస్తువు ముట్టుకునే ముందు నన్ను పిలువు నాన్నా" అంది. క్షమించమని ఆయనా అడగలేదు, క్షమించానని ఆమే అనలేదు.

కాలేజీలో పొడుగు ఆమె కోసం అధికారులతో మాట్లాడాడు. బయోమెడికల్‌లో ఒక సీటు ఖాళీ అయిందట. ఆమె పరిస్థితి చూసి మారడానికి ఒప్పుకున్నారట. "సోమవారం లోపు చెప్పు. ఇకనైనా నీకు నచ్చింది తీసుకో" అన్నాడు.

ఆమె కాలేజీ నుంచి నేరుగా డయాలిసిస్ కేంద్రానికి వెళ్లింది. మెట్లు దిగుతుంటే ఆ మందుల వాసనకు ప్రాణం లేచొచ్చినట్టయింది. తల్లి మంచం మీద ఎవరో గడియారాలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. ఆమె పక్కన నిలబడగానే మిషన్ కుయ్యిమంది. ఏమైందో చూడకముందే ఆమె చెయ్యి వెళ్లి నొక్కాల్సింది నొక్కేసింది. "వచ్చెయ్యవే. నీ స్టూలు ఇంకా అక్కడే ఉంది" అంది సీనియర్ నర్సు. ఆమె ఆ స్టూలు మీద కూర్చుని, గోడకు తల ఆనించింది. నెలల తరబడి ఇంట్లో పట్టని నిద్ర అక్కడ పట్టేసింది. కలల్లేని, మొద్దు నిద్ర. నర్సు తట్టి లేపేసరికి అక్కడున్న పేషెంట్లందరూ మారిపోయి ఉన్నారు. పగలో రాత్రో తెలియలేదు. ఆ తెలియకపోవడం ఎంత హాయిగా ఉందో గ్రహించేసరికి ఆమె చటుక్కున లేచి నిలబడింది. ఇక్కడ తను జన్మంతా నిద్రపోగలదు.

సోమవారం పొడుగుతో చెప్పింది. "నేను సివిల్‌లోనే ఉంటాను."

"నచ్చిందా అయితే?"

"లేదు."

"మరెందుకు?"

"అమ్మ బతికుండగా వద్దంది. ఇప్పుడు అడ్డం లేదు కదా అని తీసుకుంటే, ఎప్పుడెప్పుడు పోతుందా అని కాచుకున్నట్టుంటుంది." పుస్తకాలు సంచీలో సర్దుకుంటూ, "ఇంకోటి కూడా ఉంది. అది నీకు చెప్పినా అర్థం కాదు" అంది.



చదువు ముగిసింది. గొప్ప మార్కులేమీ కాదు. రోడ్లు వేసే ఒక కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగం దొరికింది. మట్టి గట్టిపడిందో లేదో, కల్వర్టు గోడలు నిలువుగా వస్తున్నాయో లేదో చూడాలి. పనివాళ్లు మేడం అంటారు. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. ఆ పని ఆమెకు ప్రియం కాలేదు. రోత కూడా పుట్టలేదు. చెప్పింది చెప్పినట్టు చేసి జీతం తెచ్చుకుంటుంది. కాలేజీ జూనియర్లు అప్పుడప్పుడు ఫోను చేసి, ఏ బ్రాంచి మంచిదక్కా అని అడుగుతుంటారు. నాకు తెలియదమ్మా, అంటుంది. వినయం అనుకుంటారు వాళ్లు.

ఒంటరిగా ఇంట్లో ఉండలేక తండ్రి సాయంత్రాలు బస్సెక్కి ఆమె పనిచేసే చోటికి వస్తాడు. సిమెంటు బస్తాల పక్కన బోర్లించిన తట్ట మీద కూర్చుని, పని ముగిసేదాకా కాచుకుంటాడు. తర్వాత ఇద్దరూ కలిసి తిరుగు బస్సెక్కుతారు. ఆమె కిటికీ పక్కన, ఆయన ఇవతల. బస్సు గతుకుల్లో పడి లేస్తుంటే ఆయన కాళ్లు తెలియకుండానే బ్రేకు తొక్కుతుంటాయి.

"క్లచ్చు పూర్తిగా తొక్కకుండానే గేరు మారుస్తున్నాడు వీడు. బండి పాడైపోతుంది" అంటాడు మెల్లగా.

ఆమె ఊఁ అంటుంది.